కారు ఎక్స్‌టెండెడ్ వారంటీ: క్లెయిమ్ ఎక్కడ నిలబడుతుంది, ఎక్కడ పడిపోతుంది

కొత్త కారు కొటేషన్‌లో ఎక్స్‌షోరూమ్ ధర, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, ఫాస్టాగ్, యాక్సెసరీస్ అన్నీ అయ్యాక చివర్లో ఎక్స్‌టెండెడ్ వారంటీ అని ఒక లైను ఉంటుంది. కారుతో వచ్చే వారంటీని డబ్బు కట్టి ఇంకొన్నేళ్లు పొడిగించుకోవడమే అది. పదివేలో, పాతికవేలో. అప్పటికే లక్షల లెక్కలో మునిగి ఉన్న మనిషికి అది పెద్దగా ఆనదు. ‘తీసుకోండి సార్, ఐదేళ్ల దాకా రూపాయి ఖర్చుండదు’ అని సేల్స్ కుర్రాడు అన్న మాట మాత్రం గుర్తుండిపోతుంది. నాలుగో ఏట ఏసీ ఆగిపోయి బండి సర్వీస్ సెంటర్‌కు వెళ్తే, ‘ఇది వారంటీలో రాదు సార్’ అని అడ్వైజర్ తేల్చేస్తాడు. గొడవ అక్కడ మొదలవుతుంది.

సేల్స్ కుర్రాడు కొంచెం ఎక్కువ చెప్పిన మాట నిజమే. కానీ అడ్వైజర్ చెప్పింది అబద్ధమని కూడా అనలేం. రిపేరు ఖర్చు మొత్తం భరిస్తామని ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. తయారీలోనో, మెటీరియల్‌లోనో ఉన్న లోపం వల్ల ఫలానా భాగం పనిచేయకపోతే దాన్ని బాగు చేస్తాం లేదా మారుస్తాం అన్నంతవరకే రాసి ఉంటుంది. లిస్టులో పార్టు పేరు ఉన్నంత మాత్రాన క్లెయిమ్ పాస్ కాదు. అది దేనివల్ల పోయిందో తేలాలి. ఈ స్కీముల్లో వచ్చే పేచీల్లో చాలా వాటికి మూలం ఇదే.

గడియారం, మీటరు: ఏది ముందు తిరిగితే అది

వారంటీకి రెండు హద్దులుంటాయి, ఒకటి కాలం, ఇంకోటి కిలోమీటర్లు. ఏది ముందు దాటితే అక్కడితో కవరేజీ ఆగుతుంది. మారుతి సుజుకి 2024 జూలై వరకు రెండేళ్లు లేదా 40,000 కిలోమీటర్ల స్టాండర్డ్ వారంటీ, అంటే కారుతోపాటే వచ్చే వారంటీ, ఇచ్చేది. ఆ నెలలో దాన్ని మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లకు పెంచింది. డబ్బు కట్టి దాన్ని ఆరేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల దాకా పొడిగించుకోవచ్చు. కొన్ని కంపెనీలు సొంత వాడకం కార్లకు కిలోమీటర్ల పరిమితి లేకుండానే మూడేళ్లు ఇస్తున్నాయి.

ఇక్కడ రెండు విషయాల్లో చాలామంది తప్పు లెక్క వేస్తారు. మొదటిది, కిలోమీటర్లు ఎప్పుడూ సున్నా నుంచే లెక్క. ‘ఐదేళ్లు లేదా 1,40,000’ అంటే పొడిగింపు మొదలైనప్పటి నుంచి ఇంకో లక్షా నలభై వేలు అని కాదు, మీటరు మొత్తం మీద అంత. రెండోది, కాలం లెక్క సాధారణంగా కారు అమ్మిన లేదా డెలివరీ ఇచ్చిన తేదీ నుంచి నడుస్తుంది. మంచి ముహూర్తం కోసం బిల్లు అయ్యాక మూడు వారాలు కారును షోరూమ్‌లోనే ఉంచేస్తే ఏ తేదీ నుంచి లెక్కేస్తారో వారంటీ కార్డులో చూసుకోవాలి. పొడిగింపు కొనడానికి ఉన్న గడువు కూడా ఆ తేదీతోనే ముడిపడి ఉంటుంది.

రోజుకు 60 కిలోమీటర్లు, ఏడాదికి 300 రోజులు తిరిగే ఉద్యోగికి ఏటా 18,000 అవుతాయి. మూడేళ్లకు 54,000. అతనికి కాలమే ముందు అయిపోతుంది కాబట్టి పొడిగింపు పూర్తిగా పనికొస్తుంది. అదే విజయవాడ–హైదరాబాద్ మధ్య వారానికి ఒకసారి రానూపోనూ చేసే వ్యాపారి ఆ ఒక్క రోడ్డు మీదే ఏడాదికి 28,000 పైన తిప్పుతాడు. ఊళ్లో తిరుగుడు కూడా కలిపితే మూడో ఏడు ముగిసేలోపే లక్ష దాటిపోవచ్చు. అతను ‘నాలుగో ఏడాది, 1,20,000’ ప్యాకేజీ కొంటే డబ్బు కట్టిన ఏడాది మొత్తం చేతికి రాదు. కొనేముందు చేయాల్సిన మొదటి లెక్క ఇదే. దీనికి పది నిమిషాలు కూడా పట్టదు.

ఇంకో హద్దు ఉంది, దాన్ని ఎవరూ చదవరు. సొంత వాడకం కోసం రాసిన వారంటీ, కారు అద్దెకు తిరిగితే చెల్లదు. తెల్ల నంబరు ప్లేటుతో యాప్‌లో సెల్ఫ్ డ్రైవ్‌కు ఇచ్చినా, మీటరు వెనక్కి తిప్పినట్టు తేలినా మొత్తం కవరేజీ రద్దయ్యే నిబంధన దాదాపు అన్ని కాగితాల్లోనూ ఉంటుంది.

వెనక నిలబడేది ఎవరు

చూడటానికి ఒకేలా ఉండే మూడు రకాల కాగితాలు మార్కెట్లో ఉన్నాయి. మొదటిది కారు కంపెనీ తన పేరు మీద ఇచ్చేది. దేశంలో ఎక్కడి అధీకృత సర్వీస్ సెంటర్‌కు వెళ్లినా చెల్లుతుంది, కంప్యూటర్‌లో ఛాసిస్ నంబరు కొట్టగానే కనిపిస్తుంది. రెండోది కంపెనీ లోగో ఉన్నా, ఖర్చు భరించే బాధ్యత ఒక ఇన్సూరెన్స్ కంపెనీది. ఇందులో క్లెయిమ్ ఒప్పుకునేది సర్వేయర్ లాంటి మనిషి కాబట్టి అడిగే కాగితాలు ఎక్కువ, పట్టే రోజులూ ఎక్కువ. మూడోది డీలర్ సొంతంగానో, బయటి వారంటీ సంస్థ ద్వారానో అమ్మేది. సెకండ్ హ్యాండ్ కార్లతో వచ్చేవి ఎక్కువగా ఇవే. వీటిలో ఒక్కో క్లెయిమ్‌కు ఇంత, మొత్తం కాలానికి ఇంత అని గరిష్ఠ పరిమితి ఉంటుంది. 30,000 పరిమితి ఉన్న కాగితంతో 90,000 ఖర్చయ్యే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ బాగు కాదు.

కొటేషన్‌లో ‘ఎక్స్‌టెండెడ్ వారంటీ’ అని మాత్రమే ఉంటే సరిపోదు. సర్టిఫికెట్ జారీ చేసేది ఎవరు, క్లెయిమ్ ఆమోదించేది ఎవరు అన్న రెండు ప్రశ్నలకు పేర్లతో జవాబు రావాలి. కారు కంపెనీ ఇచ్చేదైతే డబ్బు కట్టిన కొద్ది రోజుల్లో సర్టిఫికెట్ నంబరుతో మెయిల్ లేదా మెసేజ్ వస్తుంది, కంపెనీ యాప్‌లోనూ కనపడుతుంది. రాకపోతే, డీలర్ డబ్బు తీసుకుని ఎంట్రీ చేయడం మరిచాడనే అనుకుని వెంటనే అడగాలి. మూడేళ్ల తర్వాత రసీదు పట్టుకుని వెళ్తే అప్పుడు ఆ సేల్స్ కుర్రాడు అక్కడ ఉండడు.

ఏవి వస్తాయి, ఏవి రావు

ఇంజిన్ లోపలి భాగాలు, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, ఇంజెక్టర్లు, ఫ్యూయెల్ పంపు, టర్బో, వాటర్ పంపు, ఆల్టర్నేటర్, సెల్ఫ్ మోటారు, ఏసీ కంప్రెసర్, కూలింగ్ కాయిల్, పవర్ స్టీరింగ్ మోటారు, ఇంజిన్ కంప్యూటర్ లాంటివి కంపెనీ వారంటీలో సాధారణంగా ఉంటాయి. బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు, క్లచ్ ప్లేటు, వైపర్ బ్లేడ్లు, ఫిల్టర్లు, బెల్టులు, బల్బులు, టైర్లు, ఆయిళ్లు అరిగిపోయే సరుకు కాబట్టి ఉండవు. వీల్ అలైన్‌మెంట్, ఇంజెక్టర్ క్లీనింగ్ లాంటి పనులకూ డబ్బు కట్టాల్సిందే. 12 వోల్టుల బ్యాటరీకి, టైర్లకు వాటి తయారీదారుల వారంటీ వేరుగా ఉంటుంది.

పేచీ వచ్చేవి ఈ రెండు జాబితాల మధ్య ఉన్న భాగాలు. షాకులు, సస్పెన్షన్ బుష్‌లు, స్టీరింగ్ ర్యాక్, వీల్ బేరింగులు, ఇంజిన్ మౌంటింగులు, రబ్బరు గొట్టాలు, టచ్ స్క్రీన్. స్టాండర్డ్ వారంటీలో ఉండి పొడిగింపులో లేని భాగాలు ప్రధానంగా ఇవే. పొడిగింపు అన్నంత మాత్రాన అదే జాబితా ముందుకు సాగుతుందన్న నమ్మకం లేదు. మన రోడ్లకు నాలుగైదేళ్లకు ముందుగా మోగేది సస్పెన్షనే కాబట్టి ఆ ఒక్క పేజీ అయినా చదివి సంతకం చేయాలి.

ఆటోమేటిక్ కార్లలో ఇంకో చిక్కు. ఏఎంటీలో, అంటే క్లచ్, గేర్లను యంత్రమే నడిపే మాన్యువల్ గేర్‌బాక్స్‌లో, గేరు మార్చే యాక్చుయేటర్ ఖరీదైన ఎలక్ట్రానిక్ భాగం, అది వారంటీలో వస్తుంది. దాని వెనకున్న క్లచ్ ప్లేటు మాన్యువల్ కారులో ఉన్న లాంటిదే కాబట్టి రాదు. డీసీటీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో రెండు క్లచ్‌లు ఒకే సెట్టుగా ఉంటాయి. ఆయిల్‌లో మునగని డ్రై క్లచ్ రకంలో హైటెక్ సిటీ, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లాంటి చోట్ల అడుగడుగునా పాకుతూ నడిపితే అవి వేడెక్కి త్వరగా అరుగుతాయి. ఆ సెట్టు అరుగుదల కింద తోసేస్తారా, గేర్‌బాక్స్ భాగంగా చూస్తారా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. డీసీటీ కొనేవాళ్లు వారంటీ గురించి ఒకే ఒక్క ప్రశ్న అడగగలిగితే, ఈ ప్రశ్నే అడగాలి. జవాబు మెయిల్‌లో తీసుకోవాలి.

ఎలుకలు వైర్లు కొరికితే, రాయి తగిలి రేడియేటర్ చిల్లుపడితే, వరదలో మునిగితే అది బయటి కారణం. ఇవన్నీ ఇన్సూరెన్స్ వైపు వెళ్లాల్సినవి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కార్లు మునిగినప్పుడు ఈ తేడా చాలామందికి చేదుగా తెలిసి ఉంటుంది. నీళ్లలో నిలిచిన కారుకు సెల్ఫ్ కొడితే సిలిండర్లోకి నీరు పోయి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. దానికి వారంటీ వర్తించదు, మామూలు ఇన్సూరెన్స్ కూడా చాలాసార్లు ఒప్పుకోదు. ఇన్సూరెన్స్‌తో పాటు అదనంగా డబ్బు కట్టి తీసుకునే ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ ఉంటేనే దారి. కాబట్టి చెరువు పక్క కాలనీలో ఉండేవాళ్లు ఒకటే ఎంచుకోవాల్సి వస్తే, ఎక్స్‌టెండెడ్ వారంటీ కన్నా ముందు ఆ యాడ్ ఆన్ తీసుకోవడం మేలు.

సర్వీస్ సెంటర్ లోపల జరిగేది

బండి ఇచ్చినప్పుడు జాబ్ కార్డు తెరుస్తారు. అందులో కస్టమర్ చెప్పిన కంప్లయింటు ఎలా రాశారన్నది ముఖ్యం. ‘ఏసీ చెక్’ అని రాయించుకుంటే అది మామూలు పని. ‘20 నిమిషాలు నడిచాక ఏసీ చల్లదనం ఆగిపోతోంది, ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే వస్తోంది, 52,300 కిలోమీటర్ల నుంచి మొదలైంది’ అని రాయించుకుంటే అది లోపం. వారంటీ ముగియడానికి వారం ముందు ఇలా నమోదైన కంప్లయింటు, గడువు దాటాక మళ్లీ వస్తే వాదించడానికి ఆధారం ఉంటుంది. నోటితో చెప్పి వచ్చేస్తే ఏమీ ఉండదు.

తర్వాత స్కానర్ పెట్టి ఎర్రర్ కోడ్లు చదువుతారు. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ వేడి, వేగం, ఆర్‌పీఎం ఎంతో కంప్యూటర్ భద్రపరుస్తుంది. పార్టు ఫొటోలు, రీడింగులు, సర్వీస్ చరిత్ర జతచేసి వారంటీ విభాగానికి పంపుతారు. చిన్న భాగాలకు డీలర్ దగ్గరే అనుమతి ఉంటుంది. ఇంజిన్, గేర్‌బాక్స్ లాంటి పెద్దవాటికి కంపెనీ ఏరియా మేనేజర్ లేదా ఇన్సూరెన్స్ ప్రతినిధి చూడాలి. అనుమతి వచ్చాకే పార్టు ఆర్డరు. మార్చిన పాత పార్టు కంపెనీకి వెళ్తుంది, దాని మీద హక్కు కంపెనీదే. అందుకే విప్పేముందు, విప్పాక ఫొటోలు తీసుకోవడం మంచిది.

పెద్ద రిపేరు అయితే ‘విప్పి చూడాలి, ఒప్పుకుంటారా’ అని అడుగుతారు. దీనికి ఊరికే తలూపకూడదు. క్లెయిమ్ పాసైతే విప్పిన ఖర్చు వారంటీలో కలుస్తుంది. రిజెక్ట్ అయితే అది కస్టమర్ మీదే పడుతుంది, గేర్‌బాక్స్ దించి ఎక్కించే లేబరు తక్కువేం కాదు. అంత అయినా, విప్పిన భాగాలను అట్టపెట్టెలో వేసి బండి వెనక్కిస్తే దాన్ని బయట ఎవరూ ముట్టుకోరు. కాబట్టి విప్పడానికి ఎంత, మళ్లీ బిగించడానికి ఎంత అన్న ఎస్టిమేట్ ముందే రాతలో తీసుకోవాలి.

డీలర్ లెక్క కూడా ఒకటుంది. వారంటీ పనికి కంపెనీ ఇచ్చే లేబర్ రేటు, కస్టమర్ దగ్గర తీసుకునే రేటు కన్నా సాధారణంగా తక్కువ. కాగితం పని తప్పితే కంపెనీ ఆ బిల్లును డీలర్‌కే తిప్పికొడుతుంది. అందుకే అనుమానం ఉన్న కేసులో పోరాడే ఓపిక కొంతమంది అడ్వైజర్లకు ఉండదు, ‘రాదు సార్’ అనడం సులువు. అలాంటప్పుడు ఊళ్లో ఉన్న అదే కంపెనీ రెండో డీలర్ దగ్గర చూపించడం మొండితనం కింద రాదు. ఒకచోట కాదన్న క్లెయిమ్ ఇంకోచోట అవడం కొత్తేమీ కాదు.

ఒక వాటర్ పంపు, ఒక హెడ్

కారణమే అన్నిటినీ నిర్ణయిస్తుందన్నది వేడెక్కిన ఇంజిన్ కేసులో తెలిసినంత స్పష్టంగా ఇంకెక్కడా తెలియదు. 70,000 కిలోమీటర్ల దగ్గర వాటర్ పంపు సీలు పోయి, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ కారడం మొదలైందనుకుందాం. ఇది లోపం కిందికే వస్తుంది, ఉచితంగా మారుస్తారు. పంపు, గాస్కెట్, కూలెంటు, లేబరు అంతే.

కానీ డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వచ్చాక కూడా ‘ఊరు పదిహేను కిలోమీటర్లే కదా’ అని నడిపితే కథ మారుతుంది. కూలెంటు లేకపోతే ఇంజిన్ పైభాగాన ఉండే అల్యూమినియం హెడ్ వేడికి వంగుతుంది. దాన్ని విప్పి స్ట్రెయిట్ ఎడ్జ్ అనే తిన్నని పట్టీ పెట్టి, ఫీలర్ గేజ్ అనే సన్నని రేకులతో సందు కొలుస్తారు. చాలా ఇంజిన్లలో 0.05 మిల్లీమీటర్ల పరిసరాల్లోనే హద్దు ఉంటుంది. అది దాటితే హెడ్ గాస్కెట్ పట్టు వదిలేస్తుంది, కూలెంటు ఆయిల్‌లో కలిసి డిప్‌స్టిక్ మీద పాలు పోసిన కాఫీలా కనిపిస్తుంది. ఆ ఆయిల్‌తోనే ఇంకాస్త నడిస్తే బేరింగులు కూడా పోతాయి.

ఇప్పుడు క్లెయిమ్ రెండు ముక్కలవుతుంది. వాటర్ పంపు ఒప్పుకుంటారు. హెడ్, గాస్కెట్, బేరింగులు ‘హెచ్చరిక తర్వాత నడపడం వల్ల’ అని కాదంటారు. లైటు వచ్చినప్పటి ఉష్ణోగ్రత, వేగం కంప్యూటర్‌లో నమోదై ఉండొచ్చు. ‘లైటే రాలేదండీ’ అన్న మాట ఆ రికార్డు ముందు నిలవదు. నిజంగానే లైటు రాకపోతే, అంటే సెన్సరో, డాష్‌బోర్డు మీటర్ల క్లస్టరో పాడై ఉంటే మాత్రం కేసు తిరగబడుతుంది. అప్పుడు ఆ సెన్సర్‌ను పరీక్షించి ఫలితం జాబ్ కార్డులో రాయమని అడగాలి.

చేయాల్సింది చిన్న పని. ఎర్ర లైటు రాగానే పక్కకు తీసి ఇంజిన్ ఆపాలి, రేడియేటర్ మూత వేడి మీద తెరవకూడదు, రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కు ఫోన్ చేయాలి. కాల్ చేసిన సమయం వాళ్ల సిస్టమ్‌లో పడుతుంది. డాష్‌బోర్డు ఫొటో తీస్తే మీటరు కూడా అందులో వస్తుంది. టో చేయించిన రసీదు పోయిన ఇంజిన్‌ను కాపాడకపోవచ్చు గానీ క్లెయిమ్‌ను కాపాడుతుంది.

ఏసీలోనూ ఇదే తీరు. గ్యాస్ లీకైంది అంటే చాలదు. లీకు అతుకు దగ్గర ఉంటే లోపం. ముందు వైపు కండెన్సర్ రెక్కలు వంగి మధ్యలో చిల్లు ఉంటే అది రాయి దెబ్బ. యూవీ లైటులో మెరిసే రంగు (యూవీ డై) వేసి లీకు చూపించమని అడగొచ్చు. ఇంజిన్ ఆయిల్ తాగుతోందన్న కంప్లయింటుకు కూడా ఒక పద్ధతి ఉంది. ఆయిల్ ఫుల్ మార్కు దాకా నింపి, మూతకు సీలు వేసి, వెయ్యి కిలోమీటర్లు తిప్పి ఎంత తగ్గిందో కొలుస్తారు. కంపెనీ పెట్టుకున్న హద్దు దాటితేనే ఇంజిన్ విప్పుతారు. ఈ పరీక్షకు కొన్ని వారాలు పడుతుంది కాబట్టి గడువు దగ్గరపడ్డాక కాకుండా ముందే నమోదు చేయించాలి.

బయట సర్వీస్ చేయిస్తే వారంటీ పోతుందా

కాగితం మీద చాలా కంపెనీలు అధీకృత సర్వీస్ సెంటర్‌లోనే, షెడ్యూలు ప్రకారమే చేయించాలని రాస్తాయి. మార్కెట్లో పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఉత్తర్వులో ఈ విషయాన్ని ముట్టుకుంది. విడిభాగాలు, రిపేరు సమాచారం బయటి మెకానిక్‌లకు అందకుండా చేశారని రూ.2,500 కోట్లకు పైగా జరిమానా వేసింది. బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయొద్దని, బయటి పని సరిగా లేక దెబ్బతిన్న మేరకే కాదనాలని చెప్పింది. దాని మీద అప్పీళ్లు ఏళ్ల తరబడి నడిచాయి. కౌంటర్ దగ్గర ఆ ఉత్తర్వు చూపిస్తే పని జరుగుతుందని ఆశ పెట్టుకోవద్దు, వినియోగదారుల కమిషన్ ముందు వాదనలో మాత్రం బలమైన మాట.

ఆచరణలో చూస్తే, పొడిగింపు నడిచే కాలమంతా కంపెనీ సర్వీసే చేయించడం తెలివైన పని. సర్వీసు 10,000 కిలోమీటర్లకో ఏడాదికో అని ఉంటే, కారు 4,000 మాత్రమే తిరిగినా ఏడాదికి చేయించాలి. తక్కువ తిరిగే కార్లవాళ్లు తప్పేది ఇక్కడే. ‘బండి తిరగలేదు కదా’ అని రెండేళ్లకోసారి ఆయిల్ మారిస్తే, ఇంజిన్ క్లెయిమ్‌కు అదే అడ్డం పడుతుంది. పల్లెలో దగ్గర సర్వీస్ సెంటర్ లేక బయట మార్పించాల్సి వస్తే, బిల్లులో తేదీ, మీటరు రీడింగు, ఆయిల్ గ్రేడు, ఎన్ని లీటర్లు, ఒరిజినల్ ఫిల్టర్ నంబరు ఇవన్నీ రాయించాలి. ‘ఆయిల్ సర్వీస్ – 2,800’ అన్న చీటీ ఎందుకూ కొరగాదు.

అసలు ముప్పు ఆయిల్ కన్నా వైరింగుతో ఎక్కువ. బయట పెట్టించిన స్టీరియో, హెడ్‌లైట్లు, రివర్స్ కెమెరా, డ్యాష్‌క్యామ్ కోసం వైరు కోసి టేపు చుట్టి ఉంటే, తర్వాత వచ్చే ప్రతి ఎలక్ట్రికల్ క్లెయిమ్‌లోనూ ఆ టేపునే చూపిస్తారు. కప్లర్ పెట్టి వైరు కోయకుండా బిగించే రకాలు దొరుకుతాయి, ఖర్చు కొంచెం ఎక్కువ. బయట సీఎన్‌జీ కిట్టు వేయిస్తే మాత్రం ఇంజిన్ వారంటీ మీద ఆశ వదులుకోవడమే.

కొనాలా, ఎప్పుడు కొనాలి

పొడిగింపు ధర రూ.20,000 అనుకుంటే 18 శాతం జీఎస్టీతో రూ.23,600. డెలివరీ రోజున కట్టే ఈ డబ్బుకు సేవ మొదలయ్యేది మూడేళ్ల తర్వాత. అదే డబ్బు ఏడు శాతం వడ్డీకి వేస్తే అప్పటికి సుమారు రూ.28,900 అవుతుంది. కారు లోన్‌లో కలిపి తొమ్మిది శాతం వడ్డీతో ఐదేళ్లు కడితే మొత్తం సుమారు రూ.29,400 కట్టినట్టు. చాలా కంపెనీలు స్టాండర్డ్ వారంటీ నడుస్తుండగా ఎప్పుడైనా కొననిస్తాయి. ఆలస్యం అయ్యేకొద్దీ ధర మెట్లుమెట్లుగా పెరుగుతుంది, ఇంకా ఆలస్యమైతే కారును తనిఖీ చేశాకే ఇస్తారు. కొటేషన్‌తో పాటు ఆ ధరల పట్టిక కూడా అడిగి, మూడో ఏటి ధర 28 వేల లోపు ఉంటే ఆగడంలో నష్టం లేదు. మధ్యలో కారు అమ్మేసినా, యాక్సిడెంటులో టోటల్ లాస్ అయినా ఆ డబ్బు తిరిగిచ్చే స్కీములు తక్కువ.

ఇక కొనాలా అంటే, జవాబు కారు లోపల ఉంది. టర్బో లేని పెట్రోలు ఇంజిన్, మాన్యువల్ గేర్లు, చిన్న స్క్రీను ఉన్న కారులో నాలుగైదేళ్లకు పోయేవి ఎక్కువగా అరుగుడు భాగాలే. అవి ఎలాగూ రావు. అలాంటి కారుకు పొడిగింపు తప్పనిసరి అనడానికి ఆధారం కనపడదు. టర్బో డీజిల్, డీసీటీ లేదా సీవీటీ రకం ఆటోమేటిక్ గేర్‌బాక్స్, సన్‌రూఫ్, పెద్ద స్క్రీను, రాడార్, కెమెరాలు ఉన్న కారుకు లెక్క వేరు. గేర్‌బాక్స్‌ను నడిపే మెకట్రానిక్ యూనిట్ ఒక్కటి పోయినా కట్టిన ప్రీమియం నాలుగైదు రెట్లు వెనక్కి వస్తుంది. కొత్తగా వచ్చిన మోడల్ మొదటి ఏడాదే కొన్నవాళ్లకూ పొడిగింపు పనికొస్తుంది. ఏ భాగం బలహీనమో ఇంకా ఎవరికీ తెలియని దశ అది.

ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో పెద్ద బ్యాటరీకి వేరే వారంటీ ఉంటుంది, ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు అన్నది బాగా వాడుకలో ఉన్న అంకె. పొడిగింపు అమ్మేటప్పుడు ‘బ్యాటరీ కూడా’ అంటే అది ముందే ఉన్నదాన్నే మళ్లీ చెప్పడం కావచ్చు. చూడాల్సింది ఆన్‌బోర్డ్ ఛార్జరు, మోటారు కంట్రోలర్, డీసీ కన్వర్టర్ పొడిగింపులో ఉన్నాయా లేదా అని.

రీకాల్‌కు, వారంటీకి సంబంధం లేదు. కంపెనీ రీకాల్ ప్రకటిస్తే వారంటీ అయిపోయినా ఉచితంగా చేయాల్సిందే. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో చేర్చిన 110ఏ సెక్షన్ కింద ప్రభుత్వమే రీకాల్‌కు ఆదేశించవచ్చు. డబ్బు కట్టి రిపేరు చేయించే ముందు కంపెనీ వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబరు కొట్టి చూస్తే చాలు.

చేతులు మారిన కారు, సముద్రం దాటిన కారు

కంపెనీ పొడిగింపు కారుతోపాటు కొత్త ఓనరుకు వెళ్తుంది, కానీ ఆర్సీ మారగానే తనంత తాను మారదు. కొత్త ఆర్సీ, సర్వీస్ చరిత్ర ఇచ్చి నిర్ణీత గడువులో పేరు మార్పించుకోవాలి. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు, అమ్మేవాడు చూపే ప్రింటు నమ్మకుండా అధీకృత సెంటర్‌లో నంబరు కొట్టించి చూడాలి. మధ్యలో ఒక సర్వీసు తప్పి ఉంటే ఆ వారంటీ కాగితానికే పరిమితం.

అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లు సెకండ్ హ్యాండ్ కారు కొన్నప్పుడు డీలర్ ఫైనాన్స్ గదిలో ఇదే వస్తువును సర్వీస్ కాంట్రాక్టు పేరుతో అమ్ముతారు. అక్కడ దాని ధర బేరమాడొచ్చు, తగ్గిస్తారు కూడా. 1975 నాటి మాగ్నసన్–మాస్ చట్టం వల్ల బయట సర్వీస్ చేయించారన్న కారణంతో కంపెనీ తన వారంటీని కాదనడానికి వీల్లేదు, రసీదులు ఉంటే చాలు. విడిగా కొన్న సర్వీస్ కాంట్రాక్టుకు దాని షరతులు దానికి ఉంటాయి. ‘మీ కారు వారంటీ ముగుస్తోంది’ అని వచ్చే ఫోన్లు మాత్రం వేరే సంగతి. ఆ తరహా రోబోకాల్స్ నడిపిన ఒక ముఠాకు అక్కడి కమ్యూనికేషన్స్ కమిషన్ 2023 ఆగస్టులో దాదాపు 30 కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

రిజెక్ట్ అయితే

మొదట కారణం రాతలో అడగాలి. ఏ నిబంధన కింద, ఏ పరీక్ష ఆధారంగా కాదన్నారో జాబ్ కార్డు మీదో మెయిల్‌లోనో ఉండాలి. నోటిమాట రిజెక్షన్ మీద పైకి వెళ్లలేం. తర్వాత కంపెనీ కస్టమర్ కేర్‌కు రాసి కంప్లయింటు నంబరు తీసుకోవాలి. గడువు కొద్దిలో దాటిన కేసుల్లో, సర్వీస్ చరిత్ర శుభ్రంగా ఉంటే గుడ్‌విల్ పేరుతో పార్టు ధరలో కొంత భాగం కంపెనీ భరించే పద్ధతి ఉంది. అది హక్కు కాదు, కానీ అడగనివాళ్లకు ఎవరూ పిలిచి ఇవ్వరు.

అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. దాని తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కారు ఎక్కడ కొన్నా, తాను ఉంటున్న ఊళ్లోనే కేసు వేయొచ్చు. చెల్లించిన ధర 50 లక్షల వరకు జిల్లా స్థాయిలోనే. ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 10 లక్షల వరకు రూ.200, 20 లక్షల వరకు రూ.400, ఆపైన 50 లక్షల వరకు రూ.1,000. వివాదం మొదలైన రెండేళ్లలోపు వేయాలి. డీలర్‌నూ, కారు కంపెనీనీ, ఇన్సూరెన్స్ సంస్థ ఉంటే దాన్నీ కలిపి ప్రతివాదులుగా చేర్చాలి. లేకపోతే ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు.

పార్టు ఎందుకు పోయిందన్నదే వివాదం అయినప్పుడు దాన్ని ల్యాబొరేటరీకి పంపి నివేదిక తెప్పించే అధికారం కమిషన్‌కు ఉంది. అందుకు ఆ పార్టు ఉండాలి. క్లెయిమ్ రిజెక్ట్ అయి సొంత డబ్బుతో మార్పించినప్పుడు పాత పార్టు కస్టమర్‌దే. దాన్ని స్క్రాప్ కింద వదిలేయకుండా, నంబరు కనిపించేలా ఫొటో తీసి, సర్వీస్ సెంటర్ స్టాంపు వేసిన చీటీతో పాటు ప్యాక్ చేయించి ఇంటికి తెచ్చుకోవాలి.